హాస్టల్ టీవీకి మాట పడిపోయిన వానాకాలం

నేను ఒక టీవీని. ఇప్పటివాళ్లు గోడకు పటంలా తగిలించుకునే పలచటి రకం కాదు. ముందు అద్దం, వెనక పెద్ద మూపురం ఉండి, ఇద్దరు పట్టుకుంటే తప్ప గడప దాటని పాత రకం. ప్రస్తుతం ఓ యూనివర్సిటీ మగపిల్లల హాస్టల్ స్టోర్ రూంలో, కోళ్లు విరిగిన మంచాల నడుమ, పగిలిన క్యారం బోర్డుకు ఆనుకుని కూర్చున్నాను. నా మూపురంలో ఒక బల్లి కాపురం పెట్టింది. దాని మీద నాకేమీ కోపం లేదు. ఇన్నేళ్లూ లోకం కాపురాలన్నీ బయటపెట్టినదాన్ని, నాలో ఒక కాపురం ఉంటే ఓర్చుకోలేనా?

నాకు మాట పడిపోయి చాలా కాలమైంది. అయినా ఇంత కథ మీకు చెప్పగలుగుతున్నానంటే అది నా గొప్ప కాదు. గొంతు లేకుండా మాట్లాడుకునే మనుషుల్ని దగ్గరగా చూశాను, వాళ్ల పుణ్యం.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో. కన్నతల్లి ఫలానా అని చెప్పలేను, ఒక్కొక్కరు ఒక్కో అవయవం పెట్టారు. ఒకామె అద్దం బిగించింది, ఒకాయన తీగలు అతికాడు. చివర్లో ఒక అమ్మాయి స్పీకర్ అమర్చి, చెవి ఆనించి, అది పలికాక నవ్వి నా నెత్తిన తట్టింది. తట్టించుకోవడం ఆ తర్వాత నా బతుకులో ఆనవాయితీ అయింది. కాకపోతే ఆ అమ్మాయి అంత మెత్తగా మళ్లీ ఎవరూ తట్టలేదు.

లారీ ఎక్కి, కొట్టు మెట్లెక్కి, చివరికి గంగాధర్ సార్ ఇంటికి చేరాను. సార్ యూనివర్సిటీలో ప్రొఫెసరు, హాస్టల్ వార్డెన్ కూడా. నన్ను దింపిన రోజున ఇంటిల్లిపాదీ హారతి ఇచ్చినంత పని చేశారు. సార్ భార్య నా మీద ఊలు గుడ్డ కప్పి, దాని మీద ప్లాస్టిక్ పూలకుండీ పెట్టింది. నన్ను చూడాలంటే మొదట ఆ గుడ్డ తీయాలి, గుడ్డ తీయాలంటే కుండీ దించాలి, కుండీ దించిన వాళ్లే మళ్లీ పెట్టాలి. ఆ తగువులో పిల్లలు సగం కార్యక్రమాలు చూడకుండానే పెరిగి పెద్దవాళ్లయ్యారు. ఆ ఇంట్లో నాకు ఏ లోటూ జరగలేదు. ఒకనాడు పలచటి టీవీ వచ్చింది, నా మూపురం వాళ్లకు ఎబ్బెట్టు అనిపించడం మొదలైంది. అంతే.

సార్ నన్ను హాస్టల్‌కు దానం చేశారు. ఆ సంగతి నలుగురికీ తెలియాలని సభ కూడా పెట్టారు. నాకో దండ, సార్‌కో దండ. ఆయన త్యాగాన్ని పొగుడుతూ ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. నా రిమోట్ మాత్రం సార్ ఇంట్లో ఏ సోఫా సందులోనో ఉండిపోయింది, ఆ త్యాగం ఎవరూ తలచలేదు. అయినా సార్‌కు నేను రుణపడే ఉన్నాను. ఆయన నన్ను వదిలించుకోకపోతే ఆ పూలకుండీ కిందే నా కథ ముగిసేది.

హాస్టల్లో నన్ను టీవీ గదిలో తలుపులున్న చెక్కపెట్టెలో పెట్టి తాళం వేశారు. పిల్లల మీద సార్‌కు నమ్మకం లేదు. తాళం చెవిని వంటామె కొమురమ్మ చేతికిచ్చారు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది. ఆ క్షణం నుంచి హాస్టల్ అసలు వార్డెన్ ఎవరో పిల్లలకు అర్థమైంది. సార్ సంతకం లేకపోయినా రోజులు గడిచేవి. కొమురక్క కొంగు విప్పకపోతే సాయంత్రం గడిచేది కాదు.

టీవీ గది మెస్సును ఆనుకునే ఉంటుంది. వంట సగం కాగానే కొమురమ్మ కూరగాయల తట్టతో నడిమి గుమ్మంలో కూర్చునేది. ఏడున్నరకు ఆమె సీరియల్. ఒక అత్త, ఒక కోడలు, వాళ్ల మధ్య నలిగే ఒక కొడుకు, అన్నీ చూస్తూ నీళ్లు అడగడం తప్ప ఏమీ చేయని ఒక తాత. ఆ కోడలికి అన్యాయం జరిగిన రోజున చారులో ఉప్పు ఎక్కువయ్యేది. అందుకని ఏ పిల్లాడూ సీరియల్‌కు ఎదురు చెప్పేవాడు కాదు. ముందు కోడలి క్షేమం, తర్వాత అందరి భోజనం.

ఇంత చక్కటి ఏర్పాటులోకి ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వచ్చి పడింది.

హాస్టల్లో ఫుట్‌బాల్ పిచ్చికి పెద్ద దిక్కు లచ్చిరాం. తండా నుంచి వచ్చిన కుర్రాడు, ఎమ్మే చదువుతున్నాడు. ఎన్నిసార్లు ఉతికినా రంగు వదిలే ఒక పసుపుపచ్చ బనియను వేసుకుని తాను బ్రెజిల్ పక్షమని చెప్పుకునేవాడు. బ్రెజిల్ ఎక్కడుందో అటు చూపించమంటే మాత్రం బస్టాండు వైపు చూపించేవాడు. ఆ జట్టు ఓడితే వీడు అన్నం మానేసేవాడు, గెలిస్తే ఎవరి పళ్లెంలో ఏముందో చూడకుండా తినేసేవాడు. వాడి వెనక ఓ గుంపు. అందులో ఒక్కడు మాత్రం ఎప్పుడూ వెనక బల్ల చివర, గోడకు ఆనుకుని, నోరు మెదపకుండా కూర్చునేవాడు. వాడే రాజలింగు, లచ్చిరాం క్లాసువాడే. అందరూ లింగు అంటారు.

లింగు నోరు మెదపడన్నాను గానీ అది తప్పు. వాడు నోరు మెదుపుతాడు, మాటే బయటికి రాదు. పెదవులు పద్ధతిగా కదులుతాయి, మాట మాత్రం గాలిలో కలిసిపోతుంది. దాని వెనక ఉన్న సంగతి లచ్చిరాంకు వాడు చెప్పుకుంటుండగా నేనూ విన్నాను. లింగుది బొగ్గుబావుల ఊరు. వాళ్ల నాన్న ఓదెలు గనిలో డ్రిల్లు మిషను పట్టుకుని పట్టుకుని చెవులు పోగొట్టుకున్నాడు. లింగుకు ఊహ తెలిసేసరికే ఆయనకు ఉరుము ఉరిమినా తెలిసేది కాదు. పెదవులు చూసి మాట పట్టడం నేర్చుకున్నాడు. దాంతో ఆ ఇంట్లో గొంతు ఖర్చు పెట్టడం మానేశారు. తల్లీ పిల్లలూ పెదవులతోనే మాట్లాడుకునేవాళ్లు. తన గొంతు తనకు వినబడదు కాబట్టి ఓదెలు ఒక్కడే వీధి చివరకు వినిపించేట్టు మాట్లాడేవాడు. బజారుకెళ్లినా ఆసుపత్రికెళ్లినా చిన్న లింగును వెంటేసుకుని వెళ్లేవాడు. ఎదుటివాళ్లు ఏమన్నారో పిల్లాడు తండ్రి వైపు తిరిగి పెదవులతో చెప్పాలి. అలా వాడు తండ్రికి చెవి అయ్యాడు. నలుగురిలో గొంతెత్తడం మాత్రం అలవాటు కాలేదు.

ఇంట్లో మురిపెంగా చెల్లిన ఈ అలవాటు యూనివర్సిటీలో వాడి పాలిట శాపమైంది. ఎమ్మేలో ప్రతివాడూ క్లాసు ముందు నిలబడి సెమినార్ ఇవ్వాలి. లింగు నిలబడినప్పుడల్లా పెదవులు కదిలాయి, మాట రాలేదు. వెనక బల్లలవాళ్లు నవ్వారు. సుచరిత మేడం మంచిదే, కానీ ఎంతకని ఊరుకుంటుంది? ఈ నెలలో ఒక్కసారి మాట్లాడకపోతే పరీక్షకు పంపడం తన చేతిలో ఉండదని చెప్పేసింది.

"ఇగ నాతోని కాదురా," అన్నాడు లింగు ఆ సాయంత్రం లచ్చిరాంతో. అదీ గొణుగుడే. "పక్కింటోళ్లకు ఫోన్ జేసిన. ఈ నెల ఆఖరి ఆదివారం బాపు వస్తడు. పెట్టె సర్దుకుని ఆయన ఎంబడి పోత."

"పోయి ఏం జేస్తవ్?"

"ఏదో ఒకటి. నోటితోని పనిలేని పని."

లచ్చిరాంకు బంతి ఎటు తన్నాలో తెలుసు, మనిషిని ఎటు తిప్పాలో తెలియదు. అందుకని మ్యాచ్ పెట్టాడు.

ఆ మ్యాచ్‌లోనే నా గొంతు పోయింది. నా బొమ్మ అప్పుడప్పుడూ ఒక పక్కకు జారిపోతుండేది. కుడి చెంప మీద ఒక్కటిస్తే కుదురుకునేది. ఆ హక్కు లచ్చిరాంది. ఆ రోజు వాళ్ల జట్టు గోల్ వేసింది. లచ్చిరాంకు బొమ్మ సరిచేయడానికి, సంబరం చేసుకోవడానికి మధ్య తేడా మరుపొచ్చింది. రెండు చెంపలూ కలిపి ఇచ్చాడు. లోపల ఏదో టప్‌మంది. బొమ్మ నిలిచింది, మాట పడిపోయింది. మైదానంలో వేలమంది నోళ్లు తెరిచి ఉన్నారు, గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

మెకానిక్ వచ్చి మూపురం విప్పి చూశాడు. కాలిపోయిన సామాను ఇప్పుడెక్కడా దొరకదన్నాడు. గంగాధర్ సార్ కొత్త టీవీకి పై ఆఫీసుకు రాశానని, అందాకా సర్దుకోమని చెప్పి, వెళ్తూ వెళ్తూ గోడ మీద సుద్దముక్కతో రాశారు: ‘టీవీ గదిలో గోల చేయరాదు.’ ఆయన మలుపు తిరిగారో లేదో లచ్చిరాం లేచి ‘ల’ తలకట్టు చెరిపి పొల్లు పెట్టాడు. ‘టీవీ గదిలో గోల్ చేయరాదు’ అయింది. చాలా రోజులు ఆ గోడ అలాగే ఉంది. సార్ దాన్ని రెండు మూడుసార్లు చదివి, తన రాతలో తప్పేమీ కనబడక తలాడించి వెళ్లడం నేను చూశాను.

అసలు కష్టం మర్నాటి సాయంత్రం వచ్చింది. కొమురమ్మ కొంగు విప్పి, పెట్టె తెరిచి, గుమ్మంలో కూర్చుంది. అత్త నోరు తెరిచి ఏదో అంది. కోడలు కళ్లొత్తుకుంది. ఏం జరిగిందో తెలియదు. కొమురమ్మ తట్ట పక్కకు నెట్టి నాకు దగ్గరగా జరిగింది. ఆమె పెనిమిటి పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. పొద్దస్తమానం పొయ్యి ముందు ఉండే ఆమెకు రోజు మొత్తంలో ఆ అరగంటే తనది. నేను దాన్ని కూడా లాక్కున్నట్టయింది.

"గా అత్త ఏమంటాంది? ఒక్క ముక్క ఇనవడ్తలేదు," అంది.

ఎవరికి తెలుసు? అప్పుడు తెరమీద తాత నోరు విప్పాడు. వెనక బల్ల నుంచి లింగు పెదవులు కదిపాడు. పక్కనున్న లచ్చిరాం విని గట్టిగా చెప్పాడు: "తాతకు నీళ్లు గావాల్నట కొమురక్కా."

మరుక్షణం కోడలు నీళ్ల గ్లాసుతో వచ్చింది. కొమురమ్మ చేతిలో బీరకాయ అలాగే ఉండిపోయింది.

"నీకెట్ల తెలిసె బిడ్డా?"

లింగు పెదవులు చూసి పడతాడని లచ్చిరాం చెప్పాడు. ఇంకేం, ఆమె బల్ల జరిపించి వాణ్ని నా పక్కనే కూర్చోబెట్టింది. వాడు ఏదో చెప్పాడు. పొయ్యి మీద నూనె చిటపటలు, బయట వాన. ఆమెకు ఏమీ వినిపించలేదు.

"గట్టిగ జెప్పు లింగూ. పెట్టెకు నోరు లేదు, నీకన్న ఉండాలె గదా."

అలా ఆ ముచ్చట మొదలైంది. రోజూ ఆమె అదే మాట అనడం, వాడి గొంతు కొంచెం కొంచెం పెరగడం. వానాకాలం చినుకులు పెద్దవైనకొద్దీ వాడి గొంతూ పెద్దదవక తప్పలేదు.

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. తాత తెలుగువాడు, ఆయన పెదవులు తెలుగే పలికేవి. అత్తా కోడళ్లు వేరే రాష్ట్రం నుంచి వచ్చిన నటీమణులు. వాళ్లు వాళ్ల భాషలో ఏదో అంటారు, తర్వాత ఎవరో తెలుగు గొంతు అతికిస్తారు. మన సీరియళ్లలో ఇది మామూలే. లింగు ఎంత కళ్లు చికిలించి చూసినా ఆ పెదవుల మీద తెలుగు దొరకలేదు. కొమురమ్మ ఆశగా చూస్తోంది. అన్నం ఉడుకుతోంది. వాడు అల్లడం మొదలుపెట్టాడు.

పైకి పలకలేకపోయినా లోపల నాకు అసలు మాటలన్నీ తెలుస్తూనే ఉండేవి. అత్త నిజంగా అన్నది, "నిన్ను ఈ ఇంట్లోంచి మెడపట్టి గెంటకపోతే నా పేరు మార్చుకుంటాను" అని. లింగు చెప్పింది, "బిడ్డా, నేను గూడ ఒకనాడు కోడలిగా వచ్చినదాన్నే, నన్ను ఎవ్వలు నవ్వుతు పలకరించలేదు" అని. కొమురమ్మ ముక్కు చీదుకుంది. ఉన్నమాట చెప్పాలంటే అసలు మాట కంటే వీడి మాటే ఆ ముఖానికి బాగా నప్పింది. నేను ఎన్ని వందల అత్తల్ని మోశానో గానీ, ఒక అత్త మీద నాకు జాలి కలగడం అదే మొదలు.

ఇక మ్యాచ్ కూడా ఏడున్నరకే. కొమురమ్మ ఒప్పందం తేల్చింది: సీరియల్ నడిచినంతసేపు సీరియల్, మధ్యలో సబ్బుల ప్రకటనలు వచ్చినప్పుడు మ్యాచ్. రిమోట్ లేదు కాబట్టి లచ్చిరాం నా బటన్ల పక్కన కాపలా. ప్రకటన రాగానే నొక్కడం, అయిపోతుందనగానే మళ్లీ నొక్కడం. లింగు అటూ ఇటూ రెండూ చెప్పాలి. మ్యాచ్‌లోనూ వాడికి పేర్లు పట్టుబడేవి కావు. పొట్టోడు, జుట్టోడు, ఎర్రచొక్కా అంటూ పోయేవాడు. ఆ తొందరలో రెండు కథలూ కలిసిపోయేవి.

"పొట్టోడు బంతి తీస్కొని ఉరుకుతాండు, ఒకణ్ని తప్పించిండు, ఇంకొకణ్ని తప్పించిండు, గీడ గుమ్మంల అత్త నిలవడ్డది," అని ఒకసారి అన్నాడు.

గదంతా గొల్లుమంది. లింగు కూడా నవ్వాడు. వాడి నవ్వుకు చప్పుడు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

కొమురమ్మ ఫుట్‌బాల్‌లో పడిపోయింది. పిల్లలు ‘గోల్, గోల్’ అని అరుస్తుంటే ఆమెకు అది ‘గోల’ అనే వినిపించింది. గోల చేస్తేనే లెక్క పడుతుంది కాబోలు, పద్ధతిగానే ఉంది అనుకుంది. ప్రకటనలు రాగానే గుమ్మంలోంచి, "ఎవలు గోల జేసిండ్రు? పచ్చోళ్లా, ఎర్రోళ్లా?" అని అడిగేది. కొన్నాళ్లకు హాస్టల్ మొత్తం అలాగే అనడం మొదలుపెట్టింది.

ఒకరోజు కొమురమ్మ పెట్టె తెరవలేదు. తాళం చెవి పట్టుకుని లింగు ఎదురుగా వచ్చి నిలబడింది. ఆడపిల్లల హాస్టల్ వంటామె బజారులో కలిసిందట. వాళ్ల టీవీకి మాట ఉంది.

"అత్త ఏడ్వలేదట గదరా," అంది. "కోడలు తాగే పాలల్ల విషం గలిపిందట."

లింగు ముఖంలో నెత్తురుచుక్క లేదు. లచ్చిరాంకు ముందు ఆ సాయంత్రం మ్యాచ్ గుర్తొచ్చింది, తర్వాత స్నేహితుడు గుర్తొచ్చాడు.

"ఆమె నోరు నాకు దొరకలే అక్కా," అన్నాడు లింగు. "నువ్వు బాధపడుతున్నవని నేనే అల్లిన."

కొమురమ్మ తాళం తీసింది.

"వాళ్ల పెట్టెల అత్త ఎట్లన్న సావనీయ్. మన పెట్టెల అత్త మంచిదే. నువ్వు జెప్పు."

ఆ రోజు సీరియల్ చెప్తూ లింగు ఒకటి రెండుసార్లు కోడలి మాట అత్తకు పెట్టేశాడు. ఎందుకో నాకు తెలుసు. ఇంత చెప్పించుకున్న మనిషికి, తాను ఆదివారం వెళ్లిపోతున్న సంగతి వాడు చెప్పలేకపోయాడు. మర్నాడు లచ్చిరాం ఆమె దగ్గర నోరు జారాడు. ఆ రాత్రి చారులో ఉప్పు చేదయ్యేంత పడింది.

శుక్రవారానికి వాన ముదిరింది. డిపార్ట్‌మెంటులో పైకప్పు పెచ్చులూడి పడుతోందని లింగు క్లాసువాళ్లంతా అనుకున్నారు. ఆ రోజు సాయంత్రం సెమినార్. లింగు వెళ్లలేదు. ఎవరి కంటా పడకుండా టీవీ గదిలో నా ఎదురుగా వెనక బల్ల మీద కూర్చున్నాడు. కొమురమ్మ అప్పటికే తాళం తీయడంతో పెట్టె తలుపులు తెరిచే ఉన్నాయి, నేను ఆగి ఉన్నాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నాం.

అప్పుడు గుమ్మంలో గొడుగుల చప్పుడైంది. తడిసిన పుస్తకాలతో ఒక్కొక్కరే లోపలికి రావడం మొదలుపెట్టారు. డిపార్ట్‌మెంటులో నిలబడే చోటు లేక సుచరిత మేడం క్లాసు మొత్తాన్ని దగ్గర్లోని హాస్టల్ టీవీ గదికి తోలుకొచ్చింది. ఎవరిని తప్పించుకోవడానికి వీడు ఇక్కడ దాక్కున్నాడో వాళ్లందరూ వచ్చి వాడి చుట్టూ కూర్చున్నారు. లింగు లేచి వెళ్లబోతే దారి లేదు.

"నువ్విక్కడున్నావా?" అంది మేడం కొంగు పిండుకుంటూ. "మంచిది, ముందు నువ్వే మొదలుపెట్టు."

లింగు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వాడి అంశం గని కార్మికుల కుటుంబ జీవితం. పెదవులు కదిలాయి. నాకు ప్రతి అక్షరం తెలుస్తోంది, చక్కగా చెబుతున్నాడు, కానీ చినుకుల చప్పుడు తప్ప ఎవరికీ ఏదీ వినబడలేదు. మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. వెనక ఎవడో సన్నగా నవ్వాడు. లచ్చిరాం తల దించుకున్నాడు. నాకు గొంతు ఉండి ఉంటే ఆ క్షణంలో దాన్ని తీసి వాడికి ఇచ్చేసేదాన్ని.

మేడం వచ్చిందని కొమురమ్మ పళ్లెంలో టీ గ్లాసులు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. సెమినార్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. పెట్టె పక్కన లింగు నిలబడి ఉన్నాడు, పెదవులు కదులుతున్నాయి, ఏమీ వినబడడం లేదు. రోజూ అనే మాటే అనేసింది.

"గట్టిగ జెప్పు లింగూ. పెట్టెకు నోరు లేదు గదా."

క్లాసంతా నవ్వింది. ఈసారి ఆ నవ్వులో వెక్కిరింత లేదు, మేడం కూడా నవ్వింది. లింగు కొమురమ్మను చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నల్లటి, ఖాళీ అద్దం. దాని మీద వేలుపెట్టి చూపించాడు.

"గీడ మా బాపు కూసున్నడు," అన్నాడు. కొమురమ్మకు వినిపించేంత గట్టిగా. "డ్యూటీ దిగి వచ్చిండు. గీడ నన్ను గన్న అవ్వ అన్నం పెడుతాంది. మాట్లాడుతాంది గని మీకు ఇనవడదు. మా ఇంట్ల ఎవ్వలకు ఇనవడదు. ఎందుకంటే…"

ఇక ఆగలేదు. డ్రిల్లు మిషను శబ్దం చెప్పాడు. భూమి లోపల పనిచేసి వచ్చినవాడు పట్టపగలు కళ్లు చిట్లించడం చెప్పాడు. వాడలో ఆడవాళ్లు భర్త చెవులు ఎంతవరకు పోయాయో గడప అవతల నుంచి పిలిచి ఎలా పరీక్షిస్తారో చెప్పాడు. కాగితం మీద రాసుకున్న లెక్కలు కూడా మధ్యమధ్య చెప్పాడు. క్లాసు మొత్తం నా ఖాళీ అద్దం వైపే చూస్తూ కూర్చుంది. కరెంటు లేకుండా, బొమ్మ లేకుండా, ఆగిపోయిన నన్ను అంతమంది అంత శ్రద్ధగా చూడడం నా జన్మలో అదొక్కసారే. ఆ గౌరవం నాది కాదని తెలుసు. అయినా పుచ్చుకున్నాను, ఇవాళ్టికీ దాచుకున్నాను.

కొమురమ్మ టీ ఇవ్వడం మరిచిపోయింది. చివర్లో మేడం, "రాసింది నాకివ్వు. మాట్లాడడం మాత్రం ఇకనుంచి ఇలాగే మాట్లాడు," అంది. చల్లారిన టీ అందరూ తాగారు.

అంతా కుదిరిందనుకున్నాను. కానీ శనివారం మధ్యాహ్నం లింగు బట్టల పెట్టె తాడుతో కడుతున్నాడని లచ్చిరాం వచ్చి కొమురమ్మతో చెప్పాడు. ఒక్కరోజు మాట్లాడినంత మాత్రాన ధైర్యం నిలుస్తుందా, రేపు మళ్లీ గొంతు ఆగిపోతే ఏం గతి అని వాడికి భయమట. బాపు బయల్దేరుతున్నాడో లేదో కనుక్కుందామని పక్కింటివాళ్లకు మళ్లీ ఫోన్ చేశాడట, ఎవరూ ఎత్తలేదట. ఉండమని అడగడానికి లచ్చిరాంకు నోరు రాలేదు. కొమురమ్మకూ రాలేదు.

ఆదివారం సీరియల్ ఉండదు. మ్యాచ్ ఒక్కటే. గది కిటకిటలాడుతోంది. లింగు నా పక్కన నిలబడి చెబుతున్నాడు, అందరూ ఒక కన్ను నా మీద, ఒక చెవి వాడి మీద వేసి కూర్చున్నారు. ఆట రసపట్టులో ఉండగా గుమ్మంలో ఒక మనిషి కనిపించాడు. బక్కపలచటివాడు, తడిసిన తువ్వాలు, చేతిలో గొడుగు. కొమురమ్మ ఆయన్ను లోపలికి పిలిచింది. ఆయన కదల్లేదు, ఆ పిలుపు ఆయనకు వినబడలేదు.

ఓదెలు నన్ను చూడలేదు. గుమ్మంలో అలాగే నిలబడి కొడుకును చూశాడు. కొడుకు చెయ్యి ఊపుతూ ఏదో చెబుతున్నాడు. గదినిండా జనం వాడి వైపు మెడలు సాచారు. వాడు ఒకటి అంటే నవ్వుతున్నారు, ఇంకొకటి అంటే బల్లల మీద నుంచి లేస్తున్నారు. ఒక్క చప్పుడు కూడా ఆయనకు అందదు. కళ్లతోనే చూశాడు. తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, వానో మరొకటో.

లింగుకు తండ్రి కనబడ్డాడు. చెప్పడం ఆపేశాడు. గదిలో అందరూ వెనక్కి తిరిగారు. ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో అందరికీ తెలుసు. నా అద్దంలో బంతి దొర్లుతూనే ఉంది, దాన్ని ఎవరూ చూడడం లేదు.

తండ్రీ కొడుకులు గదికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. లింగు పెదవులు కదిపాడు. గొంతు లేకుండా, ఇంట్లో మాట్లాడుకున్నట్టే. ఆ గదిలో ఆ మాట అందుకున్నది తండ్రి, ఆయనతోపాటు నేను. ఇన్నేళ్లుగా జనం పెదవులు చూపించినదాన్ని, ఆ మాత్రం నాకూ పట్టుబడింది.

"నేను రాను బాపూ," అన్నాడు వాడు. "ఈడ్నే ఉండి చదువుకుంట. నాకు మాట వచ్చింది."

ఓదెలు, తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియకుండా, గదంతా వినేట్టు అన్నాడు:

"వచ్చుడేందిరా? నీకు మాట లేనిదెప్పుడు? నీ చిన్నప్పటి సంది లోకం మాటలన్ని నేను ఇన్నది నీ నోట్లకెల్లే గదా."

లచ్చిరాం లేచి బల్ల మీద ఆయనకు చోటిచ్చాడు. కొమురమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయనకు పళ్లెం పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత కొంతకాలానికి కొత్త టీవీ వచ్చింది, నన్ను ఈ స్టోర్ రూంలోకి మోసుకొచ్చారు. ఇక్కడ తీరిగ్గా కూర్చుని నా బతుకు తలచుకుంటే అందరికీ దండం పెట్టాలనిపిస్తుంది. అందరికంటే ముందు నా రెండు చెంపలూ వాయించిన లచ్చిరాంకు. ఆ ఆదివారం సాయంత్రం నాకు గొంతు ఉండి ఉంటే మైదానం హోరంతా ఆ గదిలోనే ఉండేది, ఓదెలు అన్న ఆ ఒక్క మాట ఎవరికీ వినిపించేది కాదు.